ఈ నెలతో నా పేజీకి సెలవు



ఈ పేజీ నేను రాసేది ఇదే ఆఖరు. ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుకుంటారని మొదట్లోనే చెప్తా ఉండా. మొదలుపెట్టి పదహారేళ్ళయింది. కరోనా కాలంలో అచ్చు కాని నెలలు తీసేసినా నూట ఎనభై దాకా వస్తాయి. ఐదో తరగతి చదివినోడికి అది తక్కువేం కాదు.

ఎందుకు ఆపేస్తున్నావని అడిగేవాళ్ళకు ఒకటే మాట. కన్ను. ఎడమ కంట్లో నీటికాసులని వేలూరులో డాక్టరమ్మ చెప్పి రెండేళ్ళు దాటింది. చుక్కల మందు వేసుకుంటా ఉండా. పొద్దున పూట ఒక గంట అక్షరం కనిపిస్తాది, ఆ తర్వాత అంతా చీమలబారే. దాని గురించి ఇంత చాలు.

ఈ పేజీ మొదట్లో ఇట్లా ఉండేది కాదు. మిల్లు మూతపడినాక పి.ఎఫ్. కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్ళం మేము. ఏ కౌంటర్లో ఏ కాగితం అడుగుతారో తిరిగి తిరిగి తెలుసుకుంటిమి. తెలిసింది నాలుగు ముక్కలు రాయమని ఈ పుస్తకం నడిపేవాళ్ళు అడిగినారు. రాస్తి. రెండో నెల పదకొండు జాబులు వచ్చినాయి, అన్నీ పి.ఎఫ్. గురించే. తర్వాత తర్వాత పాత సంగతులు కూడా రాసుకుంటా వచ్చినా. 1954లో కామరాజు మన గుడియాత్తంలో నిలబడి గెలిచిన ఉప ఎన్నిక, 1918లో మదరాసులో బిన్నీ మిల్లు కార్మికులతో పుట్టిన యూనియను, 1996లో ఆ మిల్లు ఆగిపోవడం, 1911లో చిత్తూరు జిల్లా మననుంచి వేరుపడడం. నాకు ఇష్టం ఈ పాత సంగతులే. జాబులు మాత్రం పి.ఎఫ్. వాటికే ఎక్కువ వచ్చేవి. 2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షను 1,000 రూపాయలు అయిందని రాసిన నెల పుస్తకాలు చాలక మళ్ళీ అచ్చు వేసినారు. కామరాజు గురించి రాసినప్పుడు అట్లా కాలేదు!

మా ఇంటామె నా పేజీ చదవదు. ఇంట్లో చెప్పిందే కదా మళ్ళీ అచ్చులో ఎందుకంటాది. ఆమె చదివింది మాలతీ చందూర్‌ని. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ అని నలభై ఏళ్ళకు పైన నడిపింది ఆమె, మదరాసులో కూర్చొని. ఊరూరి ఆడవాళ్ళు అడిగిందానికల్లా జవాబు చెప్పేది. నాకు ఎవరైనా కోపంగా జాబు రాస్తే మా ఇంటామె అనేది, “ఆమెకు రాలేదా ఏమి, జవాబు రాయి” అని. ఆమె అట్లా అన్నందుకే సగం జవాబులు రాసినా.

ఇంక నన్ను చదివించింది చందమామ. అది ఒకటి చెప్పాల, ఎందుకంటే ఇప్పుడు ఈ పేజీ విషయంలో జరగబోయేదానికి దానితో పని ఉంది.

1947లో నాగిరెడ్డి, చక్రపాణి మదరాసులో మొదలుపెట్టిన పుస్తకం అది. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. మా ఇంటికి తెలుగుది వచ్చేది, పాతదే, మా మామ చదివి పంపించేది. పక్కింట్లో అరవం వాళ్ళకు అంబులిమామ వచ్చేది. కథ అదే, బొమ్మ అదే. శవాన్ని భుజాన వేసుకొని కత్తి పట్టుకొని నడిచే రాజు బొమ్మ, శంకర్ గారు గీసింది, రెండింట్లోనూ ఒకటే. నేనూ పక్కింటి పిల్లోడూ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకొని చూసేవాళ్ళం. నాకు తెలుగు కథ తెలుసు కాబట్టి తమిళ అక్షరం తానుగా పట్టుబడింది. వాడికి తెలుగు అట్లనే వచ్చింది, ఇప్పటికీ బస్సు బోర్డు చదువుతాడు.

ఆ పుస్తకం 1998లో ఒకసారి ఆగింది, 1999 ఆఖర్లో మళ్ళీ వచ్చింది, ఇంకో పదేళ్ళు పైన నడిచి పూర్తిగా ఆగిపోయింది. ఆఖరి సంచిక ఇదే అని తెలియకుండానే ఆఖరిది చదివేసినాం. అందుకే నేను చెప్పి పోవాలనుకున్నా.

నా తర్వాత ఈ పేజీ రాసేది మా సందులో ఉండే ఒక అమ్మాయి. ఆంబూరు పక్క చెప్పుల కంపెనీలో లెక్కలు చూస్తాది. వాళ్ళ జేజి నాతోబాటు కోన్ వైండింగ్‌లో పని చేసింది. పాప తెలుగు చక్కగా మాట్లాడుతాది, మనం ఇంట్లో మాట్లాడే తెలుగే. రాసేది మాత్రం తమిళ అక్షరంలో రాస్తాది. ఆ పాపను అనేదానికి లేదు. 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికొక తరగతిగా 2015-16కి పదోతరగతి దాకా వచ్చింది. తమిళం నేర్చుకోవాల్సిందే, అన్నం పెట్టే ఊరు. కాకపోతే తెలుగు అక్షరం నేర్పేవాళ్ళు మన బళ్ళల్లో కరువైపోయినారు.

పోయిన నెల మీటింగులో ఇదే గొడవ. తెలుగు పేజీ తమిళ అక్షరంలో అచ్చు వేస్తే అది తెలుగు పేజీ ఎట్లా అవుతుందని పెద్దవాళ్ళు లేచినారు. వాళ్ళు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. గుడికి పోయినా అని రాస్తే కుడికి పోయినా అని చదవచ్చు. గంప ఎత్తుకొచ్చిందంటే కంప ఎత్తుకొచ్చింది అవుతాది. తాత, దాత ఒకటైపోతారు (మా తాత ఎవరికీ పైసా ఇచ్చినోడు కాదు). మన ఊరి పేరే చూడండి, బోర్డు మీద కుడియాత్తం, నోట్లో గుడియాత్తం.

నేను పాప పక్కనే మాట్లాడినా. త్యాగయ్య కీర్తనలు తమిళ అక్షరంలో అచ్చువేసిన పుస్తకాలు మదరాసులో ఎన్నో ఏళ్ళ నుంచి ఉండాయి. గ అని పలకాల్సిన చోట అక్షరం పక్కన చిన్నగా 3 అంకె వేస్తారు. పాడేవాళ్ళు తప్పు లేకుండా పాడుతా ఉండారు కదా. మనం కూడా అంకె వేసుకుందాం. ఇప్పుడు ఈ పేజీని నలభై ఏళ్ళ లోపు వాళ్ళు ఎంతమంది చదువుతా ఉండారో మీ ఇళ్ళల్లోనే చూసుకోండి. మా ఇంట్లో ముగ్గురు బిడ్డలుంటే ఒక్కరు కూడా చదవలేరు. మనవరాలు అయితే నేను చదివి వినిపిస్తే నవ్వుతాది, అంటే అర్థమవుతా ఉంది. చెవికి తెలిసిన మాట కంటికి తెలియకుండా పోయింది. అంత దాకా వచ్చినాక అక్షరం కోసం మాటను ఆపుకొని కూర్చుంటామా?

చివరికి తేల్చింది ఏమంటే, చందమామ లెక్కనే. పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ పక్క తమిళ అక్షరం, కుడి పక్క తెలుగు అక్షరం. మాట ఒకటే. తెలుగు అక్షరంలోకి మార్చేది ఒక రిటైరయిన టీచరు గారు, ఆయన ఒప్పుకున్నారు. ఆరు నెలలు చూస్తారంట. దీంట్లో నష్టం ఉంది, దాచేది లేదు. పేజీలో పట్టే విషయం సగానికి సగం తగ్గిపోతాది. నాలాగా కామరాజు దగ్గర మొదలుపెట్టి కోన్ వైండింగ్ దాకా పోయేదానికి చోటుండదు. పాప నాకన్నా పొట్టిగా రాస్తాదిలే.

పెద్దవాళ్ళకు ఒక మనవి. ఆ పాప “వొస్తాది, పోతాది” అనే రాస్తాది. నేను కూడా అట్లనే రాసినా, మీరు పదహారేళ్ళు ఓర్చుకున్నారు. తప్పు ఉంటే ఆమెను పిలిచి చెప్పండి, అందరి ముందర నవ్వకండి. నవ్వినందుకు కలం పెట్టేసినోళ్ళు మన కాలనీల్లో ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు.

మీరు పంపించిన ఫోటోలు, పాత గేటు పాసులు, యూనియను రసీదులు నా దగ్గర ఒక ట్రంకు నిండా ఉండాయి. మీవి కావాలంటే ఈ నెలాఖరు లోపల వచ్చి తీసుకోండి. మిగిలినవి పాపకు ఇచ్చేస్తా.

జవాబు చెప్పాల్సిన జాబు ఒకటే మిగిలింది. కాట్పాడి నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళ నాయన పోయిన నెల పోయినాడు, ఆయనకు పెన్షను వచ్చేది, అమ్మకు ఏం చెయ్యాల అని. అమ్మా, ముందు మీ నాయన మరణ ధ్రువపత్రం తీసుకోండి. ఆ తర్వాత మీ అమ్మ పేరు మీద ఫారం 10-డి వేయాల. ఆయన పి.పి.ఓ. నెంబరు, ఆమె ఆధార్, ఆమె పేరుతో బ్యాంకు పుస్తకం కావాల. మీకు ఇరవై ఐదేళ్ళు దాటని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే వాళ్ళ వయసు కాగితాలు కూడా జత చెయ్యండి, ఇద్దరి దాకా వాళ్ళకూ వస్తాది. పెన్షను మొదలైనాక ఏడాదికొకసారి ఆమె బతికున్నట్టు సర్టిఫికెట్టు ఇవ్వాల. నవంబరే అని లేదు, ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి ఒక ఏడాది చెల్లుతాది. మీ అమ్మ కూడా నూలు పనే చేసిందని రాసినారు. వేళ్ళు అరిగిపోయి మిషను బొటనవేలు తీసుకోకపోతే భయపడొద్దు, ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వచ్చు. మా పాప ఫోనులో అది ఉంది. ఆదివారం పొద్దున ఆమె ఇంట్లోనే ఉంటాది, అమ్మను పిల్చుకొని రండి.