దర్శి బిడ్డలకు నొక రాతిబల్ల

జాతీయ క్రీడాపోటీలు జరిగినప్పుడెల్ల మన పత్రికలు గెలుపోటములను మాత్రమే ప్రకటించుచుండును. ఎవరు గెలిచిరి, ఎవ రోడిరి, అంకె లెన్ని యని తెలిసికొనినంతనే పాఠకుడు పుట త్రిప్పును. కాని చూపరియై పోయి, క్రీడామందిరమున పగలెల్ల గూర్చుండి వచ్చినవానికి మరియొక ప్రశ్న యుదయించును. ఈ యాడుచున్న బిడ్డ లే యూళ్లనుండి వచ్చిరి? మన యూరినుండి యేల రాలేదు? ఈ ప్రశ్నయే నేటి మా వ్యాసమునకు విషయము.

2020 సంవత్సరము జనవరి తుదిదినములలో హైదరాబాదు సరూర్‌నగర్ క్రీడామందిరమున 81వ జాతీయ టేబుల్ టెన్నిస్ పోటీలు ప్రారంభమైనవి. దర్శినుండి మేమును, మాకు తెలిసిన యొక కౌలురైతును, పండ్రెండేండ్ల యాతని కుమార్తెయు బయలుదేరితిమి. అవి మిరపకోతల దినములు. కల్లములో కాయ నెండబెట్టియుంచి యా రైతు రెండు దినముల పని విడిచి వచ్చుట సామాన్యవిషయము కాదు. ఆ బాలిక యింటి వసారాలో రెండు చెక్కపలకలు జేర్చి, నడుమ నిటుకలు వరుసగా నిలిపి, దానినే వలగా భావించి తమ్మునితో నాడుచుండెడిది. అసలైన యాట నొకసారి కన్నులార చూపవలెనని తండ్రి సంకల్పము.

ఈ యాటను దూరదర్శనమున జూచుట వేరు, ఎదుట జూచుట వేరు. బంతి బరువు 2.7 గ్రాములు మాత్రమే. కాని యది బల్లకు దగిలి మలుపు తిరుగునప్పుడు చూపరికి గాలియే వంగినట్లు తోచును. సేవ చేయువాడు బంతిని తెఱచిన యరచేతినుండి కనీసము 16 సెంటీమీటర్ల యెత్తునకు నిట్టనిలువుగా నెగురవేయవలెను. దానిని చేతిచాటునగాని దేహముచాటునగాని దాచరాదు. బ్యాటునకు రెండు ప్రక్కల రెండు రంగులుండవలెను. ఏ ప్రక్క రబ్బరు బంతిని తాకెనో ప్రత్యర్థి గుర్తింపగలుగుటకే యీ నిబంధన. 2001 నుండి యొక్కొక్క గేము 11 పాయింట్లతో ముగియుచున్నది. పూర్వము 21 వరకు సాగెడిది గాన, తడబడినవానికి కోలుకొను వ్యవధి యుండెడిది. ఇప్పుడు రెండు క్షణముల పరధ్యానమునకు గేమే మూల్యము. ఎదుటివానికి దెలియకుండ మోసగించు వీలు తగ్గించి, నేర్పునకు మాత్రమే చోటిచ్చిన యీ నియమములు మా కెంతయు నచ్చినవి. మన ప్రజాజీవనమున గూడ నిట్టి నియమము లున్న నెంత బాగుండును!

ఆంగ్లేయుల విందుశాలలలో భోజనానంతర వినోదముగా బుట్టిన యాట యిది. 1926లో నంతర్జాతీయ సమాఖ్య యేర్పడి, ఆ యేడే లండనులో తొలి ప్రపంచపోటీలు జరిగెను. 1952లో నీ పోటీలు తొలిసారిగా ఆసియాఖండమునకు వచ్చినది మన బొంబాయికే. అచ్చట హిరోజీ సాటో యను జపానీయుడు స్పాంజి బ్యాటుతో ప్రపంచవిజేతయై యైరోపీయుల యాధిపత్యమును గదల్చెను. 1959లో రోంగ్ గువోటువాన్ చీనాకు తొలి ప్రపంచ బిరుదమును సంపాదించెను. దొరల గదిలో బుట్టినది ఆసియా జనసామాన్యపు సొత్తయ్యెను.

తెలుగువారి భాగమును దక్కువది కాదు. హైదరాబాదు క్రీడాకారుడు మీర్ ఖాసిం అలీ 1969కి అర్జున పురస్కారము నందెను. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబమునకు జెందిన ఆచంట శరత్ కమల్ నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి, పినతండ్రుల యొద్ద నభ్యాసము మొదలిడి, 2022 నాటికి పదిమార్లు జాతీయవిజేతయయ్యెను. అంతకు బూర్వము కమలేశ్ మెహతా పేర నున్న బిరుదములు ఎనిమిది. హైదరాబాదు ఆడపడుచు ఆకుల శ్రీజ 2022లో జాతీయబిరుదమును, ఆ యేడే బర్మింగ్‌హామ్‌లో శరత్‌తో గూడి కామన్వెల్తు మిశ్రమ ద్వంద్వములలో స్వర్ణమును గెలిచి, 2024 పారిస్ ఒలింపిక్సులో చివరి పదునార్గురిలో నొకతెయయ్యెను.

ఇవి యన్నియు గర్వకారణములే. కాని యీ పేర్లన్నియు నగరముల పేర్లతో ముడివడియున్నవి. బల్ల, మందిరము, గురువు ఉన్నచోటనే విద్య పెరుగును. మాకు దెలిసిన పల్లెబడులలో నీ బల్ల యున్నది మేమెఱుగము. చిన్న యూరి బిడ్డలకు శక్తి లేదందుమా? 2020 నాటి పోటీలలో స్త్రీలలో విజేతయైన సుతీర్థ ముఖర్జీది వంగదేశములోని నైహాటి యను చిన్న పట్టణము. ఆ పట్టణపు బిడ్డయే యైన అయ్హికా ముఖర్జీతో గూడి యామె 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో, చీనాకు జెందిన ప్రపంచవిజేతల జంటను వారి గడ్డమీదనే యోడించి, కాంస్యపతకము నందెను. స్త్రీల ద్వంద్వములలో ఆసియా క్రీడలందు మన దేశమునకు వచ్చిన తొలి పతకమది. ఒక పట్టణమున గురువును బల్లయు నున్న నేమగునో నైహాటి నిరూపించినది.

తిరుగుదారిలో, అద్దంకి సమీపించునప్పుడు, ఆ బాలిక మమ్మడిగినది: “మాస్టారూ, ఆ బల్ల దేంతో చేస్తారండీ?” చెక్కతో నని చెప్పి యూరకుంటిమి. ఇల్లు చేరిన పిమ్మట నిబంధనలను విప్పి చూడగా మా యుత్తరమున కవి వేరుగా బలుకుచున్నవి. ఆటతలము ఏ పదార్థముతోనైన నుండవచ్చును. 30 సెంటీమీటర్ల యెత్తునుండి విడిచిన బంతి యంతట సమానముగా నించుమించు 23 సెంటీమీటర్లు పైకి లేచినచో జాలును. చీనాలో బడుల యావరణలలో, ఉద్యానములలో సిమెంటు బల్లలు నిలిపి కోట్లకొలది బిడ్డల కీ యాటను నేర్పినది యీ సూత్రముననే.

పాఠకులారా, మన కేమి కొదువ? చీమకుర్తి నల్లరాయి మన జిల్లాది. ఆ రాయి సముద్రములు దాటి పరదేశపు భవనములకు నేలయు గోడయు నగుచున్నది. మన భూగర్భమునుండి తరలిపోవు నా సంపదలో, 137 సెంటీమీటర్ల పొడవు, 152.5 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలు రెండు మన బడికి రారాదా? వానిని జేర్చి 76 సెంటీమీటర్ల యెత్తున సిమెంటు దిమ్మెలపై నిలిపి, నడుమ 15.25 సెంటీమీటర్ల యెత్తు గల యినుపరేకు నమర్చిన బల్ల సిద్ధమగును. చెదలు దినదు, వానకు నానదు, దొంగ యెత్తుకొనిపోలేడు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఆరుబయట గాలికి దేలిక బంతి కొట్టుకొనిపోవును. మా సీమ యెండకు రాయి కాలును. కావున బడి వసారాలోనో, గోడనీడనో బల్లను నిలిపి, ఉదయమున, సంధ్యవేళ నాడింపవలెను. రాయి బంతిని సరిగా లేపునో లేదో యుపాధ్యాయుడు కొలబద్దతో పరీక్షింపవచ్చును. పలక నేర్పరచునప్పుడే యీ పరీక్ష జరుపుట మేలు. రాతిబల్లపై జాతీయ పోటీలు జరుగవు, నిజమే. కాని చేయి తిరుగుటకు, కన్ను బంతిని వెంబడించుటకు, ఎవరిలో విద్య దాగియున్నదో తెలియుటకు నది చాలును. ఆ పిమ్మట గురువును వెదకుట, పట్టణమునకు బంపుట మొదలగునవి పెద్దల బాధ్యతలు. గురువు లేడు గాన బల్ల యేల యనువారు, బల్ల లేనిచోటికి గురువు రాడని గుర్తింపవలెను.

ఈ కార్యము ప్రభుత్వపు టుత్తరువునకై వేచియుండదగినది కాదు. గనుల యజమానులు పలక లీయవచ్చును. పంచాయతీలు దిమ్మెలు కట్టింపవచ్చును. యువజనులు బ్యాట్లకు, బంతులకు చందా లెత్తవచ్చును. పత్తియు మిరపయు పండించి దేశమునకిచ్చు రైతు తన బిడ్డకై యడుగుచున్నది రెండు రాతిపలకలు మాత్రమే. ఆ బాలికకు మే మీయవలసిన సరియైన యుత్తర మింకను బాకీగానే యున్నది. “మన రాతితో చేస్తారమ్మా” యని చెప్పు దినము రావలెను. అది మాటతో గాక బల్లతో చెప్పవలసిన యుత్తరము.