డబ్బా పలుకుతోంది, దుకాన్‌దార్ ఎప్పుడు పలుకుతాడు?

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ యారాడ బీచ్‌కు వెళ్లాం. గాజువాక వైపు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే మూడు పక్కలా కొండలు, ముందు సముద్రం. కొబ్బరి బోండాలు తాగి, స్కాన్ చేసి పైసలు కట్టాను. బండి మీది సౌండ్‌బాక్స్ అలల హోరును మించి పలికింది. అమ్మీ నవ్వింది. "పైసలు ముట్టాయని ఇంత గట్టిగా చెబుతోంది కదా బేటా, ధర ఎంతో ముందే చెప్పే డబ్బా లేదా?" అంది.

అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బోర్డు మీది అంకెలు పోల్చుకుంటుంది, కింద రాసిన షరతులు చదవలేదు. మన ఖాందాన్లలో ఇలాంటి పెద్దవాళ్లు ఎందరో. అందుకే ఆ సవాల్ నన్ను వదల్లేదు.

ఈ క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో కారు విడిభాగాల హిసాబ్ కోసం పుట్టింది. మన దగ్గర 2016లో యూపీఐ వచ్చాక దుకాన్ల గోడలెక్కింది. 2019లో పేటీఎం సౌండ్‌బాక్స్ తెచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. 2024లో ఫోన్‌పే డబ్బాలో మహేశ్ బాబు ఆవాజ్ తెలుగులో వినిపించింది. నఖలీ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్ల నుంచి చిన్న దుకాన్‌దార్‌ను ఈ డబ్బా కాపాడింది. ఆ ఫాయిదా నేను కాదనను.

కానీ ఇందులో వఫాదారీ ఎవరికి దక్కింది? యూపీఐ చెల్లింపు మీద 2020 జనవరి నుంచి దుకాన్‌దార్ దగ్గర రుసుము తీసుకోకూడదు. కాబట్టి కంపెనీలు డబ్బా కిరాయి మీద, దుకాన్‌దార్‌కు ఇప్పించే అప్పుల మీద సంపాదించుకుంటున్నాయి. ఆవాజ్‌తో ఒక మనిషిని తమ దగ్గర నిలబెట్టుకోవచ్చని అవి గ్రహించాయి. నిలబడింది మాత్రం దుకాన్‌దారే. గిరాకీని నిలబెట్టుకోవడానికి అతని చేతికి ఏం వచ్చింది?

ఇప్పుడు ఆడియో క్యూఆర్ మాట వినిపిస్తోంది. స్కాన్ చేస్తే ఫోన్‌లో ఒక గొంతు వినిపిస్తుంది, అంతే. గాజువాకలో ఒక పెద్ద బట్టల షోరూమ్‌లో "స్కాన్ చేసి ఆఫర్ వినండి" అని రాసి ఉంటే చేశాను. ముందు ఫోన్ నంబర్ అడిగింది. ఇచ్చాక ఒక సినిమా పాట, రెండు ముక్కల ప్రచారం. తర్వాత నెల రోజులు ఫోన్లే ఫోన్లు. దీన్ని "కస్టమర్ లాయల్టీ" అంటారట! నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

మా అబ్బాకు చిన్న బట్టల దుకాన్ ఉండేది. "రంగు దిగితే తెచ్చి నా మొహాన కొట్టండి" అనేవారు. కొన్నిసార్లు తెచ్చేవారు, ఆయన మార్చి ఇచ్చేవారు. గిరాకీలు మళ్లీ మళ్లీ వచ్చింది ఆ ఐత్‌బార్‌తోనే. నోటి మాట గాలిలో కలిసిపోతుంది. రికార్డు చేసిన మాట మాత్రం గవాహ్‌గా నిలుస్తుంది, అదీ చెప్పినవాడి మీదే. అందుకే నా సలహా ఇది: ఆడియో క్యూఆర్‌లో పొగడ్త పెట్టకండి, వాదా పెట్టండి. ఈ రోజు ధర ఎంత, తూకంలో తేడా వస్తే ఏం చేస్తాం, ఎన్ని రోజుల్లో వాపస్ తీసుకుంటాం, ఈ పచ్చడి ఏ రోజు పెట్టింది. మీ సొంత గొంతుతో, అర నిమిషంలో, తెలుగులో ఒకసారి, మన ఇంటి ఉర్దూలో ఒకసారి.

"దుకాన్‌లో నేనే ఉన్నాను కదా, నోటితో చెబితే చాలదా?" అని ఎవరైనా అడగొచ్చు. మీరున్నంత సేపూ చాలు. మీరు బయటికి వెళ్లి పనికుర్రాడు కూర్చుంటే? రద్దీలో అడగడానికి ఒక ఆపా మొహమాటపడితే? పొట్లం ఇంటికి చేరాక ఎలా వాడాలో ఖాలాకు గుర్తు లేకపోతే? అప్పుడు పొట్లం మీది కోడ్ మీ బదులు మాట్లాడుతుంది. వినపడని వాళ్ల కోసం అవే మాటలు పక్కన రాసి పెట్టడం మర్చిపోకండి.

కొన్ని జాగ్రత్తలు. వినడానికి నంబర్ అడగకండి. గిరాకీ నంబర్ అమానత్, మన సరుకు కాదు. కొన్ని సైట్లు ఇచ్చే కోడ్ వాళ్ల లింక్ మీదుగా వెళ్తుంది, చందా ఆపితే మూగబోతుంది. అది కనుక్కున్నాకే ముద్రించుకోండి. ఉప్పుగాలికి అట్ట పాడవుతుందని భయం అక్కర్లేదు, దాదాపు 30 శాతం చెరిగినా చదవగలిగేలా కోడ్ చేయించుకోవచ్చు. కానీ పైన ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించారేమో రోజూ చూసుకోండి. కొనేవాళ్లకూ ఒక మాట: వినడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. అడిగిందంటే అది ధోకా, వెంటనే ఆపేయండి.

యారాడలో ఆదివారం వచ్చినవాడు మళ్లీ రాడనుకుంటే ఎంతైనా చెప్పొచ్చు. కానీ వాడు ఇంటికెళ్లి పదిమందికి చెబుతాడు. వన్ టౌన్‌లో, గాజువాకలో దుకాన్లు నడుపుతున్న మన భాయీలకు నా గుజారిష్ ఒక్కటే. ఈ శుక్రవారం దుకాన్ మూశాక ఫోన్ తీసి, మీరు నిజంగా నిలబెట్టుకోగల ఒక్క వాదా రికార్డు చేయండి. ముందు మీ అమ్మీకి వినిపించండి. ఆమెకు అర్థమై, "ఇది నువ్వు చేస్తావా బేటా?" అని అడిగితే, "చేస్తాను" అని చెప్పగలిగితేనే గోడకు అంటించండి.