వెదురు పుల్లలు, వాగ్దాన కార్డులు

మద్దిలపాలెం నుంచి సింగపూరుకు ఉద్యోగానికి వెళ్లే మన బిడ్డలు చైనీయుల గుళ్లను చూడవచ్చా? చూడవచ్చనే అంటాం. పౌలు ఏథెన్సులో బలిపీఠాలను గమనించాకే మాట్లాడాడు (అపొ. కా. 17:23). అక్కడి వాటర్లూ వీధిలో 1884 నాటి క్వాన్ ఇమ్ గుడి ఉంది. పక్కనే కృష్ణుడి గుడి, అందులోనూ చైనీయులు అగరువత్తులు వెలిగిస్తారు! క్వాన్ ఇమ్ గుడిలో మోకరించి, పుల్లలున్న గొట్టాన్ని ఊపుతారు. జారిపడిన పుల్ల మీది అంకెను బట్టి జవాబు చీటీ ఇస్తారు. జబ్బు, పెళ్లి, ఉద్యోగం, అడిగేవి ఇవే.

నవ్వకండి. డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు తీస్తాం. వాటి మీద ఉన్నది దేవుని వాక్యమే, కాదనం. అయితే నచ్చని వాక్యం వస్తే మెల్లగా పెట్టెలో పడేసి ఇంకొకటి తీసుకునే విశ్వాసికీ, గొట్టాన్ని మళ్లీ ఊపే ఆ తల్లికీ తేడా ఏమిటి? బిడ్డలు అడగకముందే సంఘ పెద్దలు జవాబు చెప్పాలి.