పిడుదును కాల్చకండి

పశువుల చెవుల్లో పట్టి ఉండే పిడుదును (కొన్ని చోట్ల గోమారు అంటారు) మీరెరుగుదురు. అది ఎగరలేదు, దూకలేదు. గడ్డి కొసన ముందుకాళ్లు చాచి కాచుకుని ఉంటుంది. 1957లో నాటి మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులను చంపి, మనుషులకూ సోకిన జ్వరపు వైరస్‌ను మోసింది ఇలాంటి పిడుదులే.

అయినా, ఒంటిమీద పిడుదు కనబడగానే కిరోసిన్ పూసేవారు, బీడీతో చురక పెట్టేవారు ఇంకా ఉన్నారు. పెద్దలు చెప్పినా సరే, మీరు ఆ పని చేయకండి. ఆ బాధకు అది తన లాలాజలాన్ని గాయంలోకి కక్కవచ్చు. రోగక్రిములు ఉంటే అవీ ఒంట్లోకి చేరతాయి. ముళ్లు తీసే పట్టకారును చర్మానికి ఆనించి, పిడుదును నోటి దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. సబ్బుతో కడగండి.

అడవికో చేనుకో వెళ్లొచ్చిన రోజు చంకలు, చెవుల వెనుక, మోకాళ్ల వెనుక వెతుక్కోండి. కొద్దిరోజుల్లో జ్వరం వస్తే, పిడుదు కరిచిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.