రోదసి నివాసం – రసద్ ఆవశ్యకత

1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ సోవియట్ వ్యోమగాములతో కలిసి సాల్యూట్-7 కేంద్రానికి వెళ్లివచ్చిన సంగతి విద్యార్థి లోకానికి విదితమే. ఆయన కీర్తి సముచితమైనదే. కాని అటువంటి కేంద్రాలలో నెలల తరబడి నివసించిన వారికి ఆహారము, నీరు, ఇంధనము మోసుకొనిపోయిన మానవరహిత సరకు నౌకల పేరు మనలో ఎందరికి తెలుసు? వాటి పేరు ప్రోగ్రెస్. ఖ్యాతికి నోచుకోని ఆ నౌకలను గూర్చి మా అభిప్రాయాన్ని విద్యార్థుల ఎదుట, కళాశాల కార్యవర్గం ఎదుట ఉంచదలచాము.

సైన్యానికి వెనుక నుండి చేరే ఆహార సామగ్రిని ఉర్దూలో రసద్ అంటారు. రసద్ తెగిన సైన్యం ఎందరు శూరులున్నా నిలువలేదు. రోదసి నివాసానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. 1973లో అమెరికా ప్రయోగించిన స్కైలాబ్ కేంద్రంలో మూడు బృందాలకు కావలసిన ఆహారాన్ని, నీటిని దాదాపు మొత్తంగా ముందే నింపి పంపారు. మూడవ బృందం 84 దినాలు గడిపి 1974 ఫిబ్రవరిలో తిరిగివచ్చింది. ఆ తరువాత అక్కడికి మనిషి గాని, సరకు గాని చేరలేదు. 1979 జూలైలో ఆ కేంద్రం భూమిపైకి కూలిపోయింది.

సోవియట్ శాస్త్రజ్ఞులు వేరొక మార్గం ఎన్నుకొన్నారు. 1977లో ప్రయోగించిన సాల్యూట్-6కు వారు రెండు ద్వారాలు అమర్చారు. ఒక ద్వారం వద్ద వ్యోమగాముల నౌక ఉండగానే రెండవ ద్వారం వద్దకు సరకు నౌక రాగలదు. 1978 జనవరి 20న బైకనూరు నుండి బయలుదేరిన ప్రోగ్రెస్-1, రెండు దినాల తరువాత తనంత తానుగా కేంద్రాన్ని చేరి దానితో అనుసంధానమయింది. అది తెచ్చిన సామగ్రి సుమారు 2,300 కిలోలు. అందులో దాదాపు ఒక టన్ను ఇంధనమే. అంత ఎత్తున కూడా పలుచని వాయువు రాపిడి వలన కేంద్రం క్రమంగా దిగజారుతుంది. ఇంజన్లు మండించి దానిని మరల పైకి చేర్చకుంటే పతనం తప్పదు. ఈ రసద్ బలంతోనే రొమనెంకో, గ్రెచ్కో 96 దినాలు అక్కడ నివసించి స్కైలాబ్ రికార్డును దాటారు. 1981 నాటికి ఆ కేంద్రానికి 12 ప్రోగ్రెస్ నౌకలు వెళ్లాయి. 1980లో ఒక బృందం 185 దినాలు ఉండగలిగింది.

ఈ నౌకకు తిరుగు ప్రయాణం లేదు. వేడిని తట్టుకొనే కవచం దానికి ఉండదు. సరకు దించిన పిదప కేంద్రంలోని చెత్తను నింపుకొని, వాతావరణంలో ప్రవేశించి కాలిపోతుంది.

మనిషి రోదసిలోకి వెళ్లడమే ఘనకార్యమనీ, సరకు మోయడం సామాన్య విషయమనీ కొందరు భావించవచ్చు. అది ఎంత కష్టమో ఇటీవలి చరిత్ర నిరూపించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరిన సిగ్నస్ నౌక 2014 అక్టోబరు 28న రాకెట్టు పేలి నాశనమయింది. 2015 ఏప్రిల్ 28న బయలుదేరిన ప్రోగ్రెస్ అదుపుతప్పింది. జూన్ 28న డ్రాగన్ నౌకను మోసుకొనిపోతున్న రాకెట్టు ఆకాశంలోనే ఛిద్రమయింది. ఎనిమిది నెలలలో మూడు నష్టాలు! అయినను అక్కడివారు ఆకలికి గురికాలేదు. కొన్ని నెలలకు సరిపడే నిల్వ ఉండడం, సరకు పంపే మార్గాలు ఒకటికి మించి ఉండడం ఇందుకు కారణాలు. జూలైలో మరొక ప్రోగ్రెస్, ఆగస్టులో జపాను నౌక సురక్షితంగా చేరాయి.

మన దేశం 2035 నాటికి స్వంత అంతరిక్ష కేంద్రాన్ని నెలకొల్పాలని సంకల్పించింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి వెళ్లిన రెండు చిన్న ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో ఒకదానితో ఒకటి అనుసంధానమైనాయి. ఈ విద్య సాధించిన నాలుగవ దేశం మనది. సరకు నౌకకు కూడా ఇదే పునాది. కాని ఎవరు మొదట వెళతారన్న కుతూహలమే ఎక్కడ చూచినా వినిపిస్తున్నది. వెళ్లినవారికి రసద్ ఎట్లు చేరుతుందన్న ప్రశ్నకు కూడా అంతటి స్థానం లభించాలని మేము కోరుతున్నాము. నమ్మకమైన సరకు నౌక లేని కేంద్రం కొద్ది దినాల విడిది మాత్రమే అవుతుంది.

ఈ న్యాయం విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలు ఎందరో దాతల త్యాగంతో స్థాపితమైనాయి. శంకుస్థాపన రోజున పూలమాలలు, ఉపన్యాసాలు ఉంటాయి. ప్రయోగశాలకు ఏటేటా రసాయనాలు, గ్రంథాలయానికి రెండు భాషలలోను కొత్త గ్రంథాలు, పేద విద్యార్థికి సకాలంలో వేతనం చేర్చే పనికి మాత్రం సన్మానం ఉండదు. అయినను సంస్థ నిలిచేది ఆ పని వలననే. కార్యవర్గం వారు ప్రతి సంవత్సరం కొత్త నిర్మాణాల కంటే ముందుగా ఈ నిత్యపోషణకు నిధి కేటాయించాలని మా విజ్ఞప్తి. విద్యార్థులు కూడా రాకెట్టు ఎక్కే కలతో పాటు, దానికి రసద్ చేర్చే నౌకను రూపొందించే కలనూ కనాలి. ఆ పనికి కావలసిన వారు ఎందరో, అవకాశాలూ అధికమే.