పిల్లలు చూచు వేళ యేది?

1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళిలో, 6వ నియమమున, కేంద్ర ప్రభుత్వము వారు ఒక మంచిమాట చేర్చియున్నారు. పిల్లలకు తగని కార్యక్రమములను పిల్లలు మిక్కిలిగా చూచు వేళలయందు ప్రసారము చేయరాదట. ఆ వేళ యెన్ని గంటలకు మొదలై యెన్ని గంటలకు ముగియునో మాత్రము చెప్పలేదు. 30 ఏండ్లు కచ్చేరీలో దస్త్రములు వ్రాసిన గుమాస్తాను నేను. శిస్తు కట్టుమని చెప్పి గడువు తేదీ వేయని తాఖీదును ఏ రైతు లెక్కచేయును?

బ్రిటనులో రాత్రి 9 గంటలు హద్దుగా నున్నది. మన దేశమున ప్రసారసంస్థలే 2011లో తమలో తాము కట్టుబాటు చేసికొని, పెద్దలకే తగినవానిని రాత్రి 11 మొదలు వేకువ 5 వరకే చూపుదుమన్నవి. బాగున్నది. అయితే సాయంకాలపు ధారావాహికలో అత్త కోడలి పాలలో విషము కలుపుట సకుటుంబముగా చూడదగిన వినోదమేనా? సినిమాకు ముందుగా ధ్రువపత్రము కావలెను, ధారావాహికకు అక్కరలేదు.

ఇష్టము లేనివారు పెట్టెను కట్టివేయవచ్చును గదా యని కొందరు పెద్దమనుష్యులు సెలవిచ్చుచున్నారు. హైదరాబాదులో నుండువారికి ఆ మాట చెల్లును. బరంపురములో, హొసూరులో, షోలాపురములో పెరుగు మన మనుమల సంగతి వేరు. బడిలోను వీధిలోను ఒడియాయో తమిళమో మరాఠీయో వినుదురు. ఇంట అమ్మమ్మ మాటలు తప్ప వారి చెవినిబడు తెలుగు ఆ పెట్టెలోనిదే. దానిని కట్టివేసిన తెలుగునే కట్టివేసినట్లు. విడిచిపెట్టితిమా, “నిన్ను చంపేస్తాను” అనునది పసివానికి మొదట పట్టుబడు తెలుగు వాక్యమగును.

కథలో పోరు చూపవద్దని నేననుట లేదు. తోలుబొమ్మలాటలో కీచకుడు చచ్చుచుండగా మా యీడువారము కేరింతలు కొట్టినవారమే. కాని ప్రక్కన తాత కూర్చుండి వాడెందుకు చచ్చెనో చెప్పెడివాడు.

2021లో సవరించిన నియమముల ప్రకారము ఎవరైనను ప్రసారసంస్థకు ఫిర్యాదు వ్రాయవచ్చును. వారు 15 దినములలో నిర్ణయము తెలుపవలెను; అది నచ్చనివారు పైమెట్టునకు పోవచ్చును; అచ్చట 60 దినములు. అంతలో విషము త్రాగిన కోడలు బ్రతికి అత్తకే విషము కలుపుచుండును! ప్రసారమును నిలుపు అధికారము జిల్లా కలెక్టరునకు గలదు, నిజమే. ఆయనకు తెలుగు రాని చోట ఆ సంభాషణలను తర్జుమా చేసి వినిపించువారెవరు?

6వ నియమములో సాయంకాలము 5 మొదలు రాత్రి 9 వరకని అంకెలు వేయవలెను. జిల్లా పరిశీలక సంఘములో తెలుగు తెలిసిన సభ్యునొకని నియమింపుమని మన సంఘము ఈ సంవత్సరమే కలెక్టరునకు అర్జీ పెట్టవలెను. చిత్తుప్రతి నేను వ్రాసి యిచ్చెదను.