రక్త క్యాన్సర్ తగ్గాక ఆయాసమా?

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. నాలుగేళ్ల క్రితం రక్త క్యాన్సర్ వస్తే హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో వైద్యం చేయించాం. తగ్గింది, డ్యూటీకి వెళ్తున్నారు. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. నీరసమంటూ టానిక్ తాగుతున్నారు. ఫ్యాక్టరీలో తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం. జబ్బు తిరగబెట్టిందా?
– ఒక సోదరి, సంగారెడ్డి

జవాబు: తిరగబెట్టిందేమో ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత ఉన్నా అందులో తెలుస్తుంది. కాని గుండెను మరవకండమ్మా. లుకేమియాకు తరచు వాడే డానోరుబిసిన్, డాక్సోరుబిసిన్ వంటి ఎర్రరంగు మందులు క్యాన్సర్ కణాలతోపాటు గుండె కండరాన్నీ దెబ్బతీయవచ్చు. మొత్తం మోతాదు పెరిగినకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఆ లక్షణాలు ఏళ్ల తరువాత కూడా బయటపడవచ్చు. అందరికీ అలా జరగదు. ప్రాణం నిలిపిన మందును తిట్టుకోనక్కరలేదు.

డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఈ వారమే డాక్టరుకు చూపించండి. ఇ.సి.జి.తో సరిపెట్టక 'ఎకో' తీయించమని అడగండి. సూది లేదు, నొప్పి లేదు. గుండె ముడుచుకున్నప్పుడల్లా తనలోని రక్తంలో ఎంత శాతం బయటకు నెడుతోందో చెబుతుంది. 55 దాటితే సాధారణంగా మంచిదే. 50 కన్నా తగ్గితే వైద్యం కావాలి. తొందరగా గుర్తిస్తే మాత్రలతో చాలామంది కోలుకుంటారు.

పడుకుంటే ఆయాసం, కాళ్లవాపు, స్పృహ తప్పడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీడీ, సిగరెట్టు ఉంటే మానిపించండి. ఊరగాయ, ఉప్పు తగ్గించండి. బి.పి., షుగరు చూపించండి. డాక్టరు సరేనన్నాకే రోజూ అరగంట నడక. బెంజీను ఆవిరి రక్త క్యాన్సర్‌కు ఒక కారణం; అది తగిలే పనైతే వేరే విభాగం అడగమనండి.

ఆయాసం దాచినంత మాత్రాన ఉద్యోగం నిలవదు. ఒళ్లు నిలిస్తేనే ఉద్యోగం.